మగ ప్లీడరు లేరా?

ప్రశ్న: మేడమ్‌గారికి నమస్కారం. జిల్లా కోర్టులో మూడున్నరేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. మా సీనియర్ మంచివారే, చెడుగా మాట్లాడరు. కానీ నాతోపాటు ఆఫీసులో చేరిన ఇద్దరు అబ్బాయిలు ఇప్పుడు సివిల్ దావాల్లో ఎదుటి సాక్షుల్ని ప్రశ్నించే క్రాస్‌లు చేస్తున్నారు, బెయిల్ పిటిషన్లు వాదిస్తున్నారు. నాకు మాత్రం మనోవర్తి, గృహహింస, విడాకుల కేసులే ఇస్తారు. మిగతా ఫైళ్లలో వాయిదా అడగడం వరకే నా పని. ధైర్యం చేసి అడిగితే, "ఆడవాళ్ల బాధ ఆడవాళ్లకే తెలుస్తుందమ్మా, ఆ కేసుల్లో నీకు పేరొస్తోందిగా" అన్నారు. పోయిన నెల ప్రోనోటు దావా తాలూకు పార్టీ ఒకాయన ఆఫీసుకొచ్చి, ఫైలు చూస్తున్న నా ఎదుటే "మగ ప్లీడరు లేరా?" అని గుమస్తాని అడిగాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా ఆయన ఇదంతా మానేసి బ్యాంకు పరీక్షలు రాసుకోమంటున్నారు. మొదటి రోజుల్లో ఈ వృత్తిలోకి వచ్చిన ఆడవాళ్లు ఇవన్నీ ఎలా తట్టుకున్నారు? నేను మానేయాలా? మీ అమ్మాయి లాంటిదాన్ని, నువ్వు అనే రాయండి.
— ఒక జూనియర్, కృష్ణా జిల్లా

సమాధానం:

అమ్మా,

నీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు ఆ పార్టీ మీద కోపం వచ్చింది. రెండోసారి చదివినప్పుడు నీ సీనియర్ మాట దగ్గర ఆగిపోయాను. "నీకు పేరొస్తోందిగా." ఈ మాట నేనూ పదకొండేళ్లు విన్నాను. మగ ప్లీడరు లేరా అన్న మాట కన్నా నీకు ఎక్కువ నష్టం చేసేది ఇదే. మొదటిది తగలగానే నొప్పి తెలుస్తుంది. రెండోది మెప్పులాగా వినిపిస్తుంది కాబట్టి ఏళ్లు గడిచినా తెలియదు.

మానేయొద్దు. అలాగని ఇలాగే ఉండిపొమ్మనీ అనను. మొదట్లో వచ్చినవాళ్లు ఎలా తట్టుకున్నారని అడిగావు కాబట్టి కార్నీలియా సొరాబ్జీ సంగతి చెప్తాను. మన దేశంలో మొదటి మహిళా న్యాయవాది అని జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో ఒక్క ముక్కలో చదివే ఉంటావు. ఆ ముక్క వెనకాల ఉన్నదంతా నీ ఉత్తరంలో ఉన్నదే.

1866లో నాసిక్‌లో పుట్టింది. పార్సీ నుంచి క్రైస్తవం తీసుకున్న కుటుంబం, తల్లి పూనాలో బడులు నడిపేది. దక్కన్ కాలేజీలో చదివి బొంబాయి ప్రెసిడెన్సీ మొత్తానికీ పై వరసలో పాసైంది. ఆ ఫలితానికి ఇంగ్లండులో చదువుకునే ప్రభుత్వ స్కాలర్‌షిప్ రావాలి. ఆడపిల్లవి కాబట్టి కుదరదన్నారు. చివరికి ఫ్లారెన్స్ నైటింగేల్‌తో సహా కొందరు చందాలు వేసుకుని డబ్బు కూడితే 1889లో ఆక్స్‌ఫర్డ్ సోమర్‌విల్ కాలేజీకి వెళ్లగలిగింది. 1892లో బీసీఎల్ అనే లా పరీక్షకు మగవాళ్లతో కలిసి కూర్చోవడానికి యూనివర్సిటీ ఆమె కోసమని ప్రత్యేకంగా తీర్మానం చేయాల్సి వచ్చింది. ఆ పరీక్ష రాసిన మొదటి మహిళ ఆమే. వచ్చింది థర్డ్ క్లాసు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, దారి వేసినవాళ్లు అన్నిట్లోనూ ఫస్టు వచ్చి ఉంటారని మనం ఊహించుకుని, ఒక్క వాయిదాలో తడబడగానే మనం పనికిరామని తేల్చేసుకుంటాం. ఇక డిగ్రీ కాగితం చేతికి ఎప్పుడిచ్చారంటావా? 1922లో. పరీక్ష రాసిన ముప్పై ఏళ్లకి.

తిరిగొచ్చాక ఇంకా కష్టం. బొంబాయి ఎల్‌ఎల్‌బీ పాసైంది. 1899లో అలహాబాద్ హైకోర్టు ప్లీడరు పరీక్ష పాసైంది. అయినా ఎన్‌రోల్ చేసుకోలేదు. అంతకుముందే 1896లో పూనాలో ఒక హత్య కేసులో ముద్దాయి తరఫున నిలబడింది, కాని ప్లీడరుగా కాదు. కోర్టు అనుమతిస్తే ముద్దాయి తరఫున ఎవరైనా మాట్లాడవచ్చన్న క్రిమినల్ ప్రొసీజర్ నిబంధనని పట్టుకుని వెళ్లింది. సంస్థానాల్లో ఆంక్షలు కొంచెం తక్కువ కాబట్టి అక్కడా వాదించింది. ఒక సంస్థానంలో ఆమె క్లయింటు ఏనుగు! దాని మేతకు రాసిచ్చిన తోట గురించి కేసు. రాజుగారి కుక్కకి ఆమె నచ్చిందట, ఆయన వెంటనే ఆమె పక్షాన తీర్పిచ్చేశాడట. తన జ్ఞాపకాల్లో రాసుకుంది ఈ సంగతి. చదివినవాళ్లు నవ్వుతారు. నాకు నవ్వు రాలేదు. రాత్రంతా కూర్చుని వాదన తయారుచేసుకుని వెళ్తే, ఆ వాదన వినేవాడే లేకపోవడం ఎంత అవమానమో కోర్టు హాల్లో నిలబడ్డవాళ్లకే తెలుస్తుంది.

ఇక అసలు విషయం. బెంగాల్, బీహార్, ఒరిస్సా, అస్సాంలలో ఘోషా స్త్రీలు వేలల్లో ఉండేవాళ్లు. పెద్ద పెద్ద ఎస్టేట్లు వాళ్ల పేరు మీద ఉంటాయి, కానీ పరాయి మగవాడి ఎదుట పడకూడదు. ప్లీడర్లందరూ మగవాళ్లే. అందుకని దివానో, బంధువో తెచ్చిన కాగితం మీద, అందులో ఏముందో తెలియకుండానే వేలిముద్ర వేసేవాళ్లు. చిన్నప్పుడు పూనాలో తమ ఇంటికొచ్చిన ఒక ఆస్తిపరురాలు, నమ్ముకున్న గుమస్తా చేతిలో మోసపోయి ఏడవడం కార్నీలియా చూసింది. లా చదవాలన్న ఆలోచన అక్కడే మొదలైందని చెప్పుకుంది. మగ ప్లీడరు కాలు పెట్టలేని జనానాలోకి తను వెళ్లగలదు కదా! 1902లో లండన్ టైమ్స్‌కి ఉత్తరం రాసి, ప్రభుత్వం వెంటపడి, 1904లో స్త్రీల, మైనర్ల ఎస్టేట్లు చూసే బెంగాల్ కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌లో ఆ స్త్రీలకు సలహాదారుగా ఉద్యోగం సంపాదించింది. దాదాపు ఇరవై ఏళ్లలో ఆరువందలమందికి పైగా స్త్రీలకు, అనాథ పిల్లలకు అండగా నిలబడింది. పల్లకీల్లో, పడవల్లో, ఎడ్లబళ్లలో ఎస్టేట్ల మధ్య తిరిగి భరణాలు ఇప్పించింది, వారసుల్ని కాపాడింది, పిల్లల్ని బడికి పంపింది.

గొప్ప పని. ఎవరూ కాదనరు. కానీ అమ్మా, అదే ఆమెను కోర్టు గుమ్మం బయట నిలబెట్టేసింది కూడా. ఆడవాళ్ల పని ఆడమనిషికి ఇచ్చాం, పేరొస్తోంది, ఇంకేం కావాలి? ఆ ఇరవై ఏళ్లూ ఆమె సలహాలు రాసింది, నివేదికలు రాసింది. వాటిని పట్టుకుని జడ్జి ఎదుట వాదించింది మాత్రం మగ ప్లీడర్లు.

ఈలోగా మిగతావాళ్లు గుమ్మం మీద కొడుతూనే ఉన్నారు. 1916లో కలకత్తాలో రెజీనా గుహ అనే బీఎల్ అనే లా పట్టా ఉన్నావిడ ప్లీడరుగా చేర్చుకోమని అర్జీ పెట్టుకుంది. 1879 లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టంలో స్త్రీలను చేర్చుకోకూడదని ఎక్కడా లేదు. జనరల్ క్లాజెస్ చట్టం ప్రకారం పుంలింగంలో రాసిన మాట స్త్రీలకూ వర్తిస్తుంది. అయినా అయిదుగురు జడ్జీల బెంచి కుదరదు పొమ్మంది, ఇన్నాళ్లూ స్త్రీలెవరూ ప్లీడర్లుగా లేరు కాబట్టి ఈ చట్టం చేసినవాళ్ల ఉద్దేశంలోనూ స్త్రీలు లేరని. 1921లో పాట్నా హైకోర్టు సుధాంశుబాల హజ్రాకీ అదే జవాబు చెప్పింది. ఆమె తరఫున నిలబడింది ఒరిస్సా పెద్దమనిషి మధుసూదన్ దాస్. అదే 1921లో అలహాబాద్ హైకోర్టు మాత్రం కార్నీలియాని వకీలుగా చేర్చుకుంది. ఒక హైకోర్టు ఔనంటే ఇంకోటి కాదంది. చివరికి 1923లో లీగల్ ప్రాక్టీషనర్స్ (విమెన్) చట్టం వచ్చి, కేవలం స్త్రీ అయినందువల్ల ఎవరూ ఈ వృత్తికి అనర్హులు కారని రాసింది. నీ మెడలో ఉన్న బ్యాండుకీ, నా మెడలో ఉన్న బ్యాండుకీ దారి వేసింది ఆ వాక్యమే. ఓడిపోయిన ఆ రెండు అర్జీలు పడకపోతే ఆ చట్టం అవసరమని ఎవరికీ తోచేది కాదు. రెజీనా గుహ పేరు మన లా కాలేజీల్లో ఎవరూ చెప్పరు. నాకు చాలా బాధగా ఉంటుంది.

చట్టం వచ్చాక 1924లో కార్నీలియా కలకత్తా హైకోర్టులో చేరింది. అప్పటికి యాభై ఏడేళ్లు. ఇంత అనుభవం ఉన్నావిడకి ఏం పనిచ్చారనుకున్నావు? ఒపీనియన్లు రాసే పని! లోపల కూర్చుని కేసు తయారుచేస్తే, వాదన మాత్రం మళ్లీ మగవాళ్లదే. 1929లో ప్రాక్టీసు వదిలి లండన్ వెళ్లిపోయింది. 1954లో పోయింది. ఆమె రాజకీయం నాకు నచ్చదు. గాంధీగారి ఉద్యమాన్ని వ్యతిరేకించింది, బ్రిటిష్ పాలనే మేలనుకుంది. అందువల్లే మనవాళ్లు ఆమెను చాలాకాలం తలుచుకోలేదు. ఆ తప్పు ఉన్నా, ఆమె మోసిన బరువు తక్కువది కాదు.

ఇప్పుడు నా సంగతి. పాతికేళ్ల వయసులో ఒక తాలూకా కోర్టులో చేరాను. మనోవర్తి కేసులన్నీ నాకే. పార్టీలు మా ఇంటికొచ్చి మా అమ్మ చేతులు పట్టుకుని ఏడ్చేవాళ్లు, పండక్కి జామకాయలు, గారెలు తెచ్చేవాళ్లు. ఊళ్లో నాకు మంచి పేరు. పదకొండో ఏట ఒకరోజు బార్ అసోసియేషన్ హాల్లో కూర్చుని లెక్క వేసుకుంటే, నాకన్నా నాలుగేళ్లు చిన్నవాడు అప్పటికే భాగపంపిణీ దావాలు ఆరు నడిపాడు. నేను ఒక్క రిజిస్టర్డు దస్తావేజుని కూడా సాక్షి చేత రుజువు చేయించలేదు. ఎవరూ నన్ను తిట్టలేదు, తోసెయ్యలేదు. మెచ్చుకుంటూనే పక్కన కూర్చోబెట్టారు. నేనూ కూర్చున్నాను. అందుకే నీకు మూడున్నరేళ్లకే అనుమానం రావడం నాకు సంతోషంగా ఉంది.

ఆ మర్నాడు మా సీనియర్ దగ్గరికి వెళ్లి ప్రోనోటు దావా ఒకటి అడిగాను. మాది ప్రతివాది తరఫు. అట్టెస్టరుని, అంటే ప్రోనోటు మీద సాక్షి సంతకం పెట్టినవాణ్ని, క్రాస్ చెయ్యాలి. వారం రోజులు ప్రశ్నలు రాసుకున్నాను. తొమ్మిది ప్రశ్నల వరకూ బాగా నడిచింది. సంతకం పెట్టినప్పుడు తను అరుగు మీద ఉన్నానని సాక్షి ఒప్పుకున్నాడు, లోపల జరిగింది కనపడదు. అక్కడ కూర్చోవాల్సింది. ఇంకో ప్రశ్న అడిగాను. "కిటికీ తీసే ఉందండి, చూశాను" అన్నాడు. దావా పోయింది. మా సీనియర్ ఇంటికెళ్లేదాకా మాట్లాడలేదు. తర్వాత ఇంకో ఫైలు ఇచ్చారు. మగ జూనియర్లకి ఇలా పోగొట్టుకునే అవకాశం మొదటి ఏడాదిలోనే ఇస్తారు, అందుకే వాళ్లు తొందరగా నేర్చుకుంటారు. నీకు అందనిది అదే.

ఇక నువ్వు చెయ్యాల్సింది. "నాకూ సివిల్ కేసులు ఇవ్వండి" అని అడగకు. అలా అడిగితే "చూద్దాంలే" అంటారు. ఆఫీసులో ట్రయలుకి వచ్చిన దావా ఒకటి నువ్వే ఎంచుకో. దావా వేసినవాళ్ల ప్లెయింటు, ఎదుటివాళ్ల రిటన్ స్టేట్‌మెంటు, సాక్షి చీఫ్ అఫిడవిట్ అన్నీ చదివి, ఫలానా సాక్షికి వేయాల్సిన ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లు. "ఈ రెండో సాక్షి క్రాస్ నేను చేస్తానండీ, ప్రశ్నలు రాసుకొచ్చాను, దిద్దిపెట్టండి" అను. కాగితం చేతిలో పెట్టాక కాదనడం ఏ సీనియర్‌కైనా కష్టమే. దిద్దుతారు. దిద్దినవాళ్లు తమ దిద్దుబాటు కోర్టులో ఎలా పనిచేసిందో చూడాలనుకుంటారు.

మనోవర్తి కేసుల్ని చిన్నచూపు చూడకు. నీ చేతిలో ఉన్న ఆయుధం అక్కడే ఉంది. 2020 నవంబరులో రజనీష్ వర్సెస్ నేహ తీర్పులో సుప్రీంకోర్టు ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం వివరిస్తూ అఫిడవిట్లు వెయ్యాలని చెప్పింది కదా. భర్త ఆ అఫిడవిట్‌లో పొలం దాచాడా, తమ్ముడి పేరు మీద ఇల్లు కొన్నాడా, బ్యాంకు స్టేట్‌మెంటులో ప్రతి నెలా మాయమయ్యే డబ్బు ఎటు పోతోంది అని లాగడమూ, భాగపంపిణీ దావాలో ఉమ్మడి ఆస్తి దాచినవాణ్ని క్రాస్ చెయ్యడమూ వేరు వేరు విద్యలు కావు. పొలం రికార్డు అయిన అడంగల్ చూడటం, ఆస్తి లావాదేవీలు చూపించే ఈసీ తీయించడం, ఆదాయానికీ ఖర్చుకీ లెక్క కుదరకపోవడం పట్టుకోవడం, ఇవన్నీ నువ్వు మూడేళ్లుగా చేస్తున్నదే. మనోవర్తి గురించిన పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125 సెక్షన్, దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 144 అయింది తప్ప, నీ పని మారలేదు. నువ్వు బాగా చేసిన ఒక క్రాస్ డిపాజిషన్, అంటే కోర్టు రాసుకున్న సాక్ష్యం, సర్టిఫైడ్ కాపీ తీయించి సీనియర్ బల్ల మీద పెట్టు. ఆడవాళ్ల బాధ ఆడవాళ్లకే తెలుస్తుంది అన్న ఆయన మాటకి అదే జవాబు. ఆ కేసు గెలిచింది బాధ తెలిసినందువల్ల కాదు, లెక్కలు తెలిసినందువల్ల.

వకాల్తాల్లో నీ పేరు ఉంటోందా? నిజం చెప్పు, ఎన్నిట్లో ఉంది? లేకపోతే ఇవాళ్టి నుంచి వేసే ప్రతి వకాల్తాలో సీనియర్ పేరు కింద నీ పేరు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, సంతకం ఉండేలా చూసుకో. వాయిదా అడిగేటప్పుడు కూడా "ఫలానావారి జూనియర్‌ని" అని ఆపకు, నీ పేరు చెప్పు. జడ్జిగారికీ బెంచి క్లర్కుకీ నీ పేరు నోట్లో నానాలి.

జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ప్యానెల్ లాయరుగా దరఖాస్తు పెట్టు. మూడేళ్ల ప్రాక్టీసు అడుగుతారు, నీకు దాటింది. ఫీజు కొద్దిగానే ఉంటుంది, కానీ క్రిమినల్ పనికి అదో దారి కావచ్చు. ప్లీడరుని పెట్టుకోలేని ముద్దాయి నీ గొంతు సన్నగా ఉందా లావుగా ఉందా అని చూడడు, బెయిలు వచ్చిందా లేదా చూస్తాడు.

దుర్గాబాయమ్మగారి (దుర్గాబాయి దేశ్‌ముఖ్) సంగతి ఇక్కడ చెప్పాలనిపిస్తోంది. రాజమండ్రి పిల్ల, ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు, పెద్దయ్యాక ఆ పెళ్లి నుంచి బయటికొచ్చేసింది. ఆంధ్రా యూనివర్సిటీలో చేరదామంటే ఆడపిల్లలకి హాస్టలు లేదు కాబట్టి కుదరదన్నారు. ఆవిడ ఏం చేసిందో తెలుసా? హాస్టలు లేక చదువు ఆగిపోయిన ఆడపిల్లలు తనకు రాయమని పేపర్లో ప్రకటన ఇచ్చింది. వచ్చినవాళ్లందర్నీ కూర్చి హాస్టలు నడిపించింది. తర్వాత మద్రాసులో లా చదివి క్రిమినల్ కేసులు వాదించింది, రాజ్యాంగ సభలో కూర్చుంది. నీ కోర్టులో నీలాంటి జూనియర్లు ఇంకో ముగ్గురు నలుగురు ఉండే ఉంటారు, ఎవరికి వాళ్లు ఇంటికెళ్లి నిద్రపట్టక పడుకుంటూ. శనివారం సాయంత్రం ఒకరి ఆఫీసులో కలవండి. ఒకరు సాక్షి, ఒకరు జడ్జి, ఒకరు క్రాస్. నేను అరుగు మీద సాక్షిని పోగొట్టుకున్నట్టు అక్కడ పోగొట్టుకుంటే ఎవరి దావా పోదు.

ఇంత చేసినా ఆర్నెల్లలో ఒక్క ట్రయలు కూడా చేతికి రాకపోతే ఆఫీసు మారు. చెప్పి, దణ్ణం పెట్టి, మంచిగా బయటికి రా. చిన్న ఊళ్లో రేపు ఆయన ఎదుటి పక్షంలో ఉంటారు, ఎల్లుండి ఆయనే నీకు కేసు పంపుతారు. కానీ మొహమాటానికి ఇంకో మూడేళ్లు మాత్రం ఇచ్చెయ్యకు. పదకొండేళ్లు ఇచ్చినదాన్ని చెప్తున్నాను.

మీ ఆయన మాట. ఆయన నిన్ను తక్కువ చేసి అన్నారని నాకు అనిపించలేదు, రాత్రిళ్లు నువ్వు ఏడవడం చూసి అని ఉంటారు. ఒకటి ఆయనకి చూపించు. 2025 మేలో సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పోస్టులకి మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి చేసింది. పరీక్షలే రాయాలనుకుంటే, ఈ మూడున్నరేళ్లూ పనికొచ్చే పరీక్ష అది. ఆ వైపు వెళ్లడం తప్పుకాదు. 1978లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి అమరేశ్వరిగారు మొదటి మహిళా జడ్జిగా వెళ్లారు, బార్ నుంచి వెళ్లినావిడే. ఏ వైపు వెళ్లినా సాక్షిని నిలబెట్టి ప్రశ్నించడం వచ్చి ఉండాలి కాబట్టి పైన చెప్పిన పని ఎటూ తప్పదు. బ్యాంకు పరీక్ష రాస్తే మాత్రం ఇవన్నీ వదిలి సున్నా నుంచి మొదలుపెట్టాలి. ఆయనకి ఈ తేడా తీరిగ్గా, కోపం లేకుండా చెప్పు.

చివరికి ఆ పార్టీ. ఆ రోజు నువ్వేం జవాబు చెప్పావో ఉత్తరంలో రాయలేదు. బహుశా ఏమీ అనకుండా ఫైలు పక్కన పెట్టి ఉంటావు. నేనైనా ఆ వయసులో అంతే చేసేదాన్ని. ఆయన మళ్లీ వాయిదాకి వస్తాడు కదా. అప్పటికి ఆ ప్రోనోటు మీద ఉన్న చేతిరాత ఎవరిదో, స్టాంపు మీద సంతకం ఎటు పడిందో, వడ్డీ జమలు వెనక ఎప్పుడెప్పుడు రాశారో అన్నీ చూసి పెట్టుకో. మగ ప్లీడరు లేరా అంటే, "ఈ ఫైలు నేను చూస్తున్నానండీ, కూర్చోండి" అని కుర్చీ చూపించు. ఆయన కూర్చునేలోపే అడుగు: "రెండో జమ కింద సంతకం మీదేనా? ఆ రోజు డబ్బు ఎవరి చేతికిచ్చారు?"